కథ కింద నా పేరు

ఆ కథ రాసింది పదిహేడేళ్ల అమ్మాయి. కింద వేసింది నా పేరు. వేసిన చెయ్యి కూడా నాదే.

డెబ్బైల చివరి మాట. జంషెడ్‌పూర్‌లో మా భుయ్యాడీహ్ బస్తీ తెలుగువాళ్లం ఒక చేతిరాత పత్రిక నడిపేవాళ్లం. నెలకు ఒక్కటే ప్రతి. ఇంటికి రెండు రోజుల చొప్పున తిరిగేది. చివర్న కుట్టిన తెల్లకాగితాల మీద చదివినవాళ్లు అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. నేను కాంట్రాక్టు పనిలో ఫిట్టర్ని. మూడో తరగతితో బడి పోయినా పొట్లం కాగితాలు చదివి అక్షరాలు నిలబెట్టుకున్నవాణ్ణి. దస్తూరి బాగుంటుందని పత్రికంతా నాచేతే రాయించేవారు.

అప్పటికి నేను చదివిన ప్రేమకథల్లో ఆడపిల్లలు కిటికీ దగ్గర ఏడ్చేవారు, ఉత్తరాలు దాచేవారు. ఈ పిల్ల కథలో నాయిక మిట్టమధ్యాహ్నం జుగ్సలాయి బజారుకి వెళ్తుంది. బియ్యం గోదాము వెనకే ప్రియుడి ఇల్లు. వీధి తలుపు కొట్టి వాళ్లమ్మనే అడుగుతుంది: "అత్తా, మీవోడున్నాడేటి? నన్ను పెళ్లాడతానని నదొడ్డున సెప్పినాడు. ఇంట్లో సెప్పినాడో లేదో కనుక్కుందారని వచ్చినాను." ఆ వీరుడు గోదాములో బస్తాల వెనక నక్కుతాడు. ఏం ధైర్యం! కలం పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి చదివాను. అలాంటి మాట నాకు ఈ జన్మకి తట్టదు.

సంపాదకుడు మాత్రం తల పట్టుకున్నాడు. రిటైరైన గుమాస్తా, మాకందరికీ పెద్దాయన. మగవాడు రాస్తే కథ, ఆడపిల్ల రాస్తే జరిగిన సంగతి. మావాళ్ల తెలివి అది! ఆయన ఏకంగా జుగ్సలాయి వెళ్లి, ఏ గోదాము వెనక తెలుగు కుర్రాడున్నాడో వాకబు చేసి మరీ వచ్చాడు. ఎవడూ దొరకలేదు. అయినా భయం పోలేదు.

"ఆడపిల్ల పేరుతో ఏత్తే రేపు దాన్నెవడు చేసుకుంటాడు? నీ పేరెట్టీ బాబూ. మగోడివి, నీకేటవుద్ది?"

పెట్టనన్నాను. "అయితే కథే తీసెయ్" అన్నాడు. కథ పోతుందని పెట్టాను. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, సగం ఆయన మీద, సగం నామీద.

పనిలో ఒకటే వేళాకోళం: "క్యా భాయ్, ఎవరా పిల్ల? సెప్పవేటి!" అది భరించాను. కుళాయి దగ్గర ఆ అమ్మాయి ఎదురైంది. "మావయ్యా, కత బాగా రాసినారు" అని బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. అది భరించలేకపోయాను.

తర్వాతి సంచిక వాళ్లింటికి వెళ్లే వంతు వచ్చినప్పుడు లోపల చీటీ పెట్టాను: "తప్పు నాది. కథ నీదని రాస్తాను. మీ నాన్న ఏమంటాడోనని ఆగాను. రాయమంటావా?"

పత్రిక మిగిలిన ఇళ్లన్నీ తిరిగి నెలాఖరుకు నా చేతికొచ్చింది. లోపల చీటీ లేదు. జవాబు చివరి పేజీల్లో ఉంది, వీధంతా చదివేలా, ఆమె సంతకంతో:

"మావయ్య గారికి. కథ నాది. మీకు పంపకముందే మా నాన్నకి చదివి వినిపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం తింటూ, తర్వాతేటయింది అని అడిగాడు. రెండో భాగం పంపుతున్నాను. పేరు నేనే రాశాను, మీరు దిద్దకండి."