సగంలో సగం

మా బావ లెక్కల మాస్టారు. ప్రైవేటు బడి. ఏడాదికి పది నెలలు జీతం ఇస్తారు. మిగిలిన రెండు నెలలు పిల్లలకి సెలవులు, మాస్టార్లకి పస్తులు. పోనీ ట్యూషన్లు చెప్పుకుందామంటే, చెప్పకూడదని ఉద్యోగంలో చేరేరోజే మాట తీసుకున్నారు. అంటే చదువు తప్ప ఇంకేదైనా అమ్ముకోవచ్చన్నమాట.

అందుకని ఎండలు ముదిరేసరికి మా ఇంట్లో ఒకటే చర్చ. ఈ ఏడు బావ ఏం పని చెయ్యాలి? ఒక వేసవి బట్టల కొట్లో, కొనేవాళ్ళు విప్పి పారేసిన తానులు మడతపెట్టాడు. ఇంకో వేసవి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లెక్కపెట్టాడు. ఇంటికొచ్చేసరికి పాదాలు తెల్లగా నానిపోయి ఉండేవి. మరో వేసవి ఇంటింటికీ తిరిగి నీళ్ళు శుభ్రం చేసే మిషన్లు అమ్మబోయాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. నీళ్ళు రుచి చూసి, "మీ నీళ్ళు బాగానే ఉన్నాయండీ" అని చెప్పి వచ్చేసేవాడు.

"ఏవండీ, మీరు అమ్మడానికి వెళ్ళారా, దాహానికి వెళ్ళారా?" అంది అక్క.

నేను వాళ్ళింట్లోనే, వసారాలో మంచం వేసుకుని ఉంటాను. పదో తరగతి తప్పి బైండింగు షాపులో చేరాను. కుట్టడానికి వచ్చిన పుస్తకాలు కుట్టేముందు చదువుతాను, చదివాక లోకాన్ని తిట్టుకుంటాను. అక్క రోజూ "మళ్ళీ పరీక్ష కట్టరా" అని పోరుతుంది. బావ ఒక్కసారీ పోరలేదు. ఆయన ఎవరినీ పోరడు, ఎవరి మీదా అరవడు.

ఒకసారి బడికి నోటుపుస్తకాల కట్ట తీసుకెళ్ళి, ఆయన గది కిటికీ దగ్గర నిలబడ్డాను. పక్కగదుల్లో బెత్తాల మోత, మాస్టార్ల కేకలు. బావ గదిలో పిల్లలు గోల మొదలుపెడితే, బావ ఇంకాస్త మెల్లగా మాట్లాడేవాడు. వినపడక ముందు బెంచీవాళ్ళు "ష్" అనేవాళ్ళు, వెనకవాళ్ళు మెడలు చాచేవాళ్ళు. కాసేపటికి సుద్దముక్క గీసుకుంటున్న చప్పుడు నాదాకా వినపడింది. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు గుసగుస సారు. ఆ పేరంటే బావకి లోలోపల మురిపెం.

"నేను సంపాదించిందల్లా ఆ నిశ్శబ్దమేరా" అనేవాడు నాతో. "ఒక్కసారి అరిచామా, ఇక రోజూ అరవాల్సిందే."

పోయినేడు ఎదురింటి ట్రాలీ డ్రైవరు ఒక కబురు తెచ్చాడు. "మాస్టారూ, ఫర్నిచరు షాపాయన మైకు ప్రచారానికి మంచి గొంతు కోసం వెతుకుతున్నాడు. ఒక్క పూట రికార్డింగు పని. ఎండలో నా ట్రాలీ మీద మీ గొంతు తిరుగుతుంది, మీరు ఇంట్లో ఫాను కింద పడుకోవచ్చు."

అక్క ముఖం వెలిగింది. బావ నా వైపు చూశాడు. నేనూ తోడు వెళ్ళాను.

మైకుసెట్టు షాపు వెనక చిన్న గది. మోత రాకుండా గోడలకి గుడ్లట్టలు అంటించారు. చప్పుడు వస్తుందని ఫాను ఆపేశారు. షాపాయన చెమట తుడుచుకుంటూ రాసుకొచ్చిన కాగితం ఇచ్చాడు. బావ గొంతు సవరించుకుని చదివాడు: "మంచాలు, బీరువాలు, కుర్చీలు! సగం ధరకే! ఆ సగంలో మళ్ళీ సగం తగ్గింపు! సగం పోయింది, ఇంకో సగం పోయింది, ఇక మీరు కట్టేదేముంది? ఏమీ లేదు! ఈ వారమే ఆఖరు!"

"గట్టిగా మాస్టారూ, గట్టిగా! ఇది సంతాప సభ కాదు, సేలు!"

బావ కాగితం కిందికి దించాడు. "ఇక్కడ చిన్న పొరపాటుందండీ. సగంలో సగం తీసేస్తే పావు మిగులుతుంది. ఆ పావు కట్టాలి కదా?"

"కట్టాలి. షాపుకొచ్చాక కడతారు."

"మరి ఏమీ లేదని అంటే..."

"మాస్టారూ, మంచం కొనేవాడు మనకి మార్కులెయ్యడు. చదవండి."

బావ చదివాడు. ఎన్నిసార్లు చదివినా 'ఏమీ లేదు' దగ్గరకొచ్చేసరికి గొంతు నూతిలోకి దిగిపోయేది. రికార్డు చేసేవాడు విసుగ్గా చెవుల మీదున్న హెడ్‌ఫోన్లు లాగేసి, "మళ్ళీ అక్కడే జారిందండీ" అనేవాడు. మధ్యాహ్నమంతా ఇదే తంతు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చివరికి బావ కళ్ళు మూసుకుని అరిచాడు. అన్నేళ్ళలో నేనెన్నడూ వినని గొంతు అది. షాపాయన చప్పట్లు కొట్టాడు.

దారిలో బావ అన్నాడు: "సెలవుల్లోనేగా. బడి తెరిచేసరికి సేలు అయిపోతుంది."

షాపాయన ఇచ్చిన డబ్బుతో ఆ వేసవి ఇల్లు హాయిగా గడిచింది. బావ మొదటిసారి నీడపట్టున కూర్చున్నాడు. ట్రాలీ మా వీధిలోకి రాగానే, నా మేనకోడలు "నాన్న వస్తున్నాడు!" అని బయటికి పరిగెత్తేది. నాన్న ఇంట్లో గోడకి ఆనుకుని, కాళ్ళ వైపు చూసుకుంటూ ఉండేవాడు.

బడి తెరిచారు. సేలు అయిపోలేదు. 'ఈ వారమే ఆఖరు' ప్రతి వారమూ వచ్చింది.

ఒకరోజు బావ ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా నా మంచం మీద కూలబడ్డాడు. ఆరోజు భిన్నాలు మొదలుపెట్టాడట. గది సద్దుమణిగిందట. సరిగ్గా అప్పుడే ట్రాలీ బడిగోడ పక్కనే ఆగింది. కిటికీలోంచి ఆయన గొంతే వచ్చింది: "ఇక మీరు కట్టేదేముంది?" వెనక బెంచీ నుంచి ఎవడో "ఏమీ లేదు!" అని అందుకున్నాడు. గదంతా పగలబడి నవ్వింది.

"నవ్వితే నవ్వారులేరా" అన్నాడు బావ. "ముందు బెంచీ పిల్ల ఒకతె నవ్వలేదు. లేచి నిలబడి, సగంలో సగం పోతే ఏమీ ఉండదా సార్ అంది. పావు ఉంటుందమ్మా అన్నాను. మరి మీరే చెప్పారు కదా సార్, అది విని మా అమ్మ మంచం కోసం వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చింది అంది."

"మీరేమన్నారు?"

"కూర్చోమన్నాను."

మర్నాడు షాపుకి వెళ్ళి రికార్డు ఆపమని బతిమాలాడు. షాపాయన కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్ళు తెప్పించాడు. "మీ గొంతు నాకెంత కలిసొచ్చిందో తెలుసా మాస్టారూ! మా తమ్ముళ్ళ షాపులకి కూడా ఇచ్చాను. ఇప్పుడు ఆపమంటే ఎన్ని ట్రాలీలని ఆపను?"

బావ తరగతి కిటికీలు మూయించాడు. లోపల ఉక్క, బయట ఆయన గొంతు. పిల్లలకి పాఠం కంటే ట్రాలీ కోసం కాచుకోవడం ఇష్టమైపోయింది. మెల్లగా మాట్లాడితే ఇంకెవరూ మెడలు చాచలేదు. బయట అంత గట్టిగా అరిచేవాడు లోపల గుసగుసలాడితే నటిస్తున్నాడనుకుంటారు. ఒకరోజు ట్రాలీ వచ్చినప్పుడు, దాన్ని మించి వినపడాలని బావ అరిచాడు. గోడకి అటూ ఇటూ ఆయనే. ట్రాలీ వెళ్ళిపోయింది. లోపలి గొంతు మాత్రం దిగలేదు. వారం తిరక్కుండా ఆయన బల్ల మీద బెత్తం చేరింది. గుసగుస సారు పేరు పోయి, ఆఫర్ సారు అయ్యాడు.

ఏడాది చివర ప్రిన్సిపాలు పిలిపించాడు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాం. అక్క ఆపూట అన్నం ముట్టలేదు. బావ తిరిగొచ్చి, గడపలోనే నిలబడి చెప్పాడు. "తిట్టలేదు. మీ గొంతు ఊరంతా మోగుతోంది మాస్టారూ, మన అడ్మిషన్లకి కూడా ఒకటి రికార్డు చేసిపెట్టరాదూ అన్నాడు."

మళ్ళీ అదే గది, అవే గుడ్లట్టలు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ప్రిన్సిపాలు పంపిన కాగితంలో ప్రతి విద్యార్థి మీదా ప్రత్యేక శ్రద్ధ అని ఉంది, ఉపాధ్యాయులే మా బలం అని ఉంది. నేను బావ ముఖంలోకి చూశాను, ఎక్కడ ఆగుతాడా అని. ఎక్కడా ఆగలేదు.

"ఈసారి ఒక్క దెబ్బకే వచ్చేసింది మాస్టారూ!" అన్నాడు రికార్డు చేసేవాడు.

బయట ఎండ మాడ్చేస్తోంది. కాస్త దూరం నడిచాక అడిగాను. "బావా, బడివాళ్ళు దీనికేమైనా ఇస్తారా?"

"ఏమీ లేదు!"

గట్టిగానే అన్నాడు. రోడ్డు దాటుతున్న ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు.