బ్యారన్‌లో రెండు రింగులు

మా పక్కింటి బాబాయిగారు పోయి నెల కావొస్తోంది. ఆ రోజు పొద్దున పిన్నిగారు కాఫీ పట్టుకెళ్ళి లేపితే లేవలేదట. నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. కబురు విని, ఒంటి చెప్పుతోనే వాళ్ళ గుమ్మంలోకి పరిగెత్తాను. మామూలుగా నిద్రపోతున్నట్టే ఉన్నారు. పిలిస్తే పలుకుతారేమోనని, పిచ్చిదానిలా పిలిచాను కూడా.

ఆయనకీ మాకూ చుట్టరికం లేదు. గుంటూరులో పత్తిమిల్లు ఫిట్టరుగా ముప్పయ్యేళ్ళు చేసి, రిటైరయ్యాక పొదిలి వచ్చి మా పక్కన ఇల్లు కట్టుకున్నారు. ఎక్కడికెళ్ళినా ముందు తలెత్తి, ఏది దేనికి వేలాడుతోందో చూసుకునే మనిషి. మొదటిసారి మా ఇంటికి భోజనానికి పిలిస్తే ఫ్యాను కొక్కెం వంక ఒకసారి చూసి, కుర్చీ పక్కకి జరుపుకుని కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆయనే నిచ్చెన తెచ్చి ఆ కొక్కెం మార్చి వెళ్ళారు.

మా అమ్మాయి కాలేజీ వాళ్ళతో కనిగిరి కొండకి వెళ్ళి, నడుముకి తాడు కట్టుకుని బండలెక్కడం నేర్చుకుని వచ్చింది. అప్పట్నుంచీ దాని కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. మా పెరట్లో మామగారి కాలం నాటి పొగాకు బ్యారన్ ఉంది, పచ్చాకుని వేడికి ఆరబెట్టే ఇటుకల కొట్టం. పొగాకు కాల్చడం మానేశాక అది రెండంతస్తుల ఎత్తున ఉత్త గుల్లగా మిగిలింది. దాంట్లో పలకలు నిలబెట్టి, పట్టులు బిగించి, పైనుంచి తాడు వేసుకుని రోజూ ఎక్కుతానంది. నేను కుదరదన్నాను. అది వెళ్ళి బాబాయిగారికి చెప్పుకుంది. పెద్దాయన గడ్డి పెడతారని నేను ఎదురుచూస్తుంటే, ఆయన టేపు పట్టుకుని వచ్చారు.

గోడ పైభాగంలో డ్రిల్లు వేసి రెండు యాంకర్ బోల్టులు బిగించారు. అమ్మాయి అప్పుడే ఎక్కబోతే, ముందు మిరపకాయలు ఎక్కుతాయన్నారు. మా ఎండుమిర్చి టిక్కీలు, అంటే నిండు బస్తాలు, మూడు తాడుకి కట్టి వేలాడదీసి, వారం దాకా ఎవరూ కిందికి వెళ్ళకూడదని తలుపు వేసేశారు. రెండోరోజు మధ్యాహ్నం దబ్బున చప్పుడైంది. బోల్టులు ఇటుకల్లోంచి ఊడలేదు. ఇటుకలే గోడలోంచి జారి వచ్చేశాయి. అది మట్టితో కట్టిన గోడ అని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఇన్నేళ్ళు నిలబడింది కదా, గట్టిదే అనుకున్నాం. టిక్కీలు పగిలి, పై కిటికీల్లోంచి పడే ఎండలో ఎర్రటి దుమ్ము మెల్లగా సుళ్ళు తిరుగుతోంది. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఎవరి కలలోకో తొంగిచూస్తున్నట్టు గుమ్మంలో నిలబడిపోయాం. ఆ టిక్కీల చోట మా పిల్ల ఉంటే అన్న ఆలోచన నాకు కాస్త ఆలస్యంగా వచ్చింది.

"తప్పు నాదేనమ్మా," అన్నారు బాబాయిగారు. "గోడ పైబరువు మోస్తుంది. లాగితే వచ్చేస్తుంది. ఇంత వయసొచ్చీ ఆ మాత్రం చూసుకోలా."

ఆ మాట వీధిలో అందరికీ తనే చెప్పుకున్నారు. నేను ఇక ఈ గోల వద్దన్నాను. ఆయన వాదించలేదు. నా కోపం తగ్గేదాకా ఆగి, అటు గోడ నెత్తి నుంచి ఇటు గోడ నెత్తికి ఇనుప గర్డరు వేయించారు, బరువంతా తిన్నగా కిందికి దిగేట్టు. దానికి ఈ పక్కనుంచి ఆ పక్కకి దూసుకెళ్ళే బోల్టులు వేసి, జంట నట్లు బిగించి, రెండు రింగులు పెట్టారు. ఒకటి చాలదా అంటే, "ఒకదాన్ని నమ్మొచ్చమ్మా. కానీ పిల్ల కదా," అన్నారు. ఈసారి టిక్కీలు పది రోజులు వేలాడాయి. ఆ తరవాత తనే పంచె ఎగ్గట్టి, బెల్టు బిగించుకుని తాడుకి వేలాడారు. ఆ మసక వెలుతురులో కళ్ళు మూసుకుని, ఉయ్యాల్లో పసివాడిలా అటూ ఇటూ ఊగుతుంటే నిద్రపోయారేమోననుకున్నాను. ఆయన చెవి పైకి పెట్టి గర్డరు చప్పుడు వింటున్నారు.

అమ్మాయి నడుము నుంచి పైకెళ్ళి, రింగుల్లోంచి కిందికి దిగే తాడు రెండో కొసని రెండేళ్ళు రోజూ సాయంత్రం ఆయనే పట్టుకున్నారు. ప్రతి ఆదివారం నిచ్చెనెక్కి నట్లు చూసేవారు. నట్టు మీంచి బోల్టు మీదికి పసుపు పెయింటుతో గీత గీశారు, నట్టు వెంట్రుకవాసి తిరిగినా తెలిసేట్టు. నేను మాత్రం ఆ గంటసేపూ వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ ఉండేదాన్ని. ఒకరోజు ఆయన మంచినీళ్ళకి వచ్చి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్న నన్ను చూశారు. "భయపడమ్మా, తప్పేం లేదు," అన్నారు. "లోపలికొచ్చి భయపడు." ఆయన ఉండగా నేను ఒక్కసారీ వెళ్ళలేదు. అది తలుచుకుంటే ఇప్పుడు ఏడుపొస్తోంది.

ఆయన పోయాక అమ్మాయి బ్యారన్ తలుపు తియ్యలేదు. తాడు పట్టుకొమ్మని నన్ను అడగలేదు. అడగకపోవడమే నాకు గుచ్చుకుంది. ఊళ్ళో పిల్లలందరికీ ధైర్యం చెప్పే టీచర్ని, సొంతపిల్ల తాడు పట్టే మనిషిని మాత్రం కాలేకపోయాను. పెద్దకర్మ అయిన మర్నాడు, నేర్పమని నేనే అడిగాను. అది వెళ్ళి తాడు తెచ్చింది. తాడు బిగించే క్లిప్పు నా నడుము బెల్టుకి తగిలించి, వారం రోజులు మోకాలెత్తు నుంచి పడుతూ నాచేత పట్టించింది.

నిన్న సాయంత్రం అమ్మాయి నిచ్చెనెక్కి నట్లు చూసుకుని వచ్చి, పైదాకా ఎక్కుతానంది. ఎక్కింది. చివరి పట్టు దగ్గర దాని చెయ్యి జారింది. తాడు ఒక్క గుంజు గుంజింది. నేను దానికంటే బక్కదాన్ని, నా కాళ్ళు నేల వదిలేశాయి. అది కిందికొస్తూ, నేను పైకి పోతూ, నడిమధ్యన ఎదురెదురుగా ఆగిపోయాం. పైన గర్డరు కిమ్మనలేదు.

"భయమేస్తోందా అమ్మా?" అంది.

"వేస్తోంది," అన్నాను. "దించమనకు. కాసేపు ఇలాగే ఉందాం."

అది చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఆయన తాడుకి వేలాడుతూ, ఒకరి చుట్టూ ఒకరం మెల్లగా తిరుగుతూ ఉన్నాం.