గోల్ అని చెప్పించుకోకుండానే పోయిన అన్న

మా సైకిల్ మేస్త్రీ అన్న చనిపోయాడు. శుక్రవారం పొద్దున ముఖం కడుక్కుని, వదినను చాయ్ అడిగి, ఆమె గ్లాసు తెచ్చేలోపే గోడకు ఒరిగిపోయాడట. నేను అప్పుడే దుకాణం తెరిచి టార్పాలిన్ల కట్టలు బయట పెడుతున్నాను. బస్సు కండక్టరుగా చేసే ఆయన పెద్దకొడుకు యూనిఫాంలోనే వచ్చి, “కాకా, బాపు పోయిండు” అన్నాడు. చేతిలో ఉన్న కట్టను ఎక్కడ పెట్టాలో నాకు కాసేపు తోచలేదు.

ఎవరీ మేస్త్రీ అని బోధన్ బయటివాళ్ళు అడగవచ్చు. చెబుతాను. నాది తాళ్ళు, టార్పాలిన్లు, గోనెసంచుల దుకాణం. ఆయనది పక్కనే సైకిల్ రిపేరు. మా రెండింటికీ నడుమ ఒకటే గోడ. దుకాణాలు పెట్టకముందు ఇద్దరం చక్కెర ఫ్యాక్టరీ హాకీ జట్టులో ఆడాం. ఆయన ముందు వరసలో, గోల్ కొట్టే చోట. నేను ఆయన వెనక, బంతి అందించే చోట. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనం రాస్తారు. ఆయన మంచితనం నేనూ రాస్తాను. కాని అదొక్కటే రాస్తే సగం మనిషినే రాసినట్టు. ఆయనకు ఒక పగ ఉండేది. ఇప్పుడది నా దగ్గరికి వచ్చింది. అందుకని అది కూడా రాయాలి.

ముందు ఆ రోజు సంగతి. మా ఫ్యాక్టరీ మైదానంలో మాకూ నిజామాబాద్ టౌన్ జట్టుకూ మ్యాచ్. షామియానా కింద కుర్చీలేసుకుని సెలెక్టర్లు కూర్చున్నారు. ఆ రోజు బాగా ఆడిన ఒక్కరిని రాష్ట్ర క్యాంపుకు తీసుకుంటామన్నారు. అక్కడ గట్టిగా నిలబడితే ఆ పైది ఇండియా క్యాంపు. ఆ పైన విదేశీ జట్లతో టోర్నమెంటు. మాకు ఆ మెట్లన్నీ నోటికి వచ్చు. స్కోరు చెరొకటి. ఇంకో రెండు మూడు నిమిషాల ఆట మిగిలింది. ఎడమ పక్కనుంచి నేను బంతి వేశాను. అన్న ఇద్దరిని తప్పించుకుని కొట్టాడు. బంతి వెళ్ళి గోల్ వెనక చెక్కపలకకు తగిలిన చప్పుడు షామియానా దాకా వినబడింది.

హాకీ తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. గోల్ ముందు సున్నంతో అర్ధచంద్రంలా ఒక గీత గీస్తారు. మేం దాన్ని డీ అంటాం. బంతిని దాని లోపల కొడితేనే గోల్. గీత మీద ఉన్నా లోపల ఉన్నట్టే లెక్క. అన్న కొట్టింది గీతకు మూరెడు లోపలి నుంచి. నేను చూశాను. మా గోల్‌కీపరు మైదానం ఆ చివర నుంచి కూడా చూశానంటాడు, అది మాత్రం నేను నమ్మను. అంపైరు ఈల ఊది, బయటి నుంచి కొట్టాడని చెయ్యి చూపించాడు. అన్న గట్టిగా అడిగితే మైదానం బయటికి పంపాడు. టౌన్ జట్టు కుర్రాడు క్యాంపుకు వెళ్ళాడు. మా అన్న సైకిల్ దుకాణంలో పనికి కుదిరాడు.

ఆ అంపైరు నిజామాబాద్‌లో డ్రిల్లు సారు. పేరు రాయను. చదివితే ఆయనకు తెలుస్తుంది, నాకు అంతే చాలు.

అన్న తాగుబోతు కాలేదు. ఎవరి మీదా అరవలేదు. చక్రం వంకర తీసేటప్పుడు ఒక కన్ను మూసి, రిమ్ము వైపే చూస్తూ గంటసేపైనా అలా తిప్పుతూ కూర్చునేవాడు. సాయంత్రం షట్టర్ సగం దించాక ఏ బడిపిల్లో పంక్చరైన సైకిల్ తోసుకుని వస్తే, రేపు రమ్మని ఇంట్లోవాళ్ళు అన్నా వినేవాడు కాదు. “గడప ముట్టిందిరా, లోపలికొచ్చినట్టే” అని మళ్ళీ షట్టర్ ఎత్తేవాడు. గీత విషయంలో అంత ఖచ్చితం. ఎవరి దగ్గరా ఆ గోల్ గురించి తనంతట తాను ఎత్తేవాడు కాదు. ఎవరైనా, అన్నా నువ్వు ఇండియాకు ఆడేవాడివి కదా అని ఉబ్బేస్తే మాత్రం చిరాకు పడేవాడు. నాతో ఒకసారి అన్నాడు.

“నేను ఇండియాకు ఆడుతుంటి అని చెప్తలేనుర. ముందటికి పోయి ఓడిపోతుంటినేమో. గని గాడ పోయి ఓడిపోయే హక్కు నాదే గద. గదే గుంజుకున్నడు.”

చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. తరువాత నా దుకాణంలో పెద్ద టీవీ పెట్టాను. మగవాళ్ళ అంతర్జాతీయ హాకీ టోర్నమెంటు ఏది వచ్చినా అన్న తన స్టూలు తెచ్చుకుని నా గోనెసంచుల మధ్య కూర్చునేవాడు. అలా ఒక మ్యాచ్‌లో, ఒక గోల్ మీద తగాదా వచ్చింది. అంపైరు రెండు చేతుల వేళ్ళతో గాలిలో చదరంగా ఒక పెట్టె గీశాడు. అన్న ఇదేందని అడిగాడు. టీవీలో మళ్ళీ వేసి చూస్తారన్నా, తప్పైతే అంపైరే మార్చి చెబుతాడు అన్నాను. ఆ మాట విని స్టూలు మీది నుంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. బయట గిరాకీ పిలుస్తున్నా పలకలేదు. తెర మీద ఆ అంపైరు తన మాట వెనక్కి తీసుకుని గోల్ ఇచ్చాడు. నేను అన్న ముఖం చూడలేక చానల్ మారుద్దామనుకున్నాను. “ఉండనియ్యి” అన్నాడు.

ఆ ఆదివారం చలువ చొక్కా వేసుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. నేనూ వెంట వెళ్ళాను. రిటైరైన డ్రిల్లు సారు రోజూ గంజ్‌లో కూరగాయలకు వస్తాడని ఎవరో చెప్పారు. దొరికాడు. చేతిలో సంచి, సంచిలో తోటకూర. అన్న ఎదురుగా నిలబడి నమస్తే పెట్టాడు. తరువాత రెండు చేతులెత్తి గాలిలో పెట్టె గీశాడు. ఆయన హాకీ మనిషే కదా, వెంటనే అర్థమైంది. ముఖం పక్కకు తిప్పుకుని తోటకూర వైపు చూశాడు. మేం చాయ్ తాగి బోధన్ వచ్చేశాం. ఆ రోజు బస్సులో అన్న కిటికీ పక్కన కూర్చుని ఈల వేశాడు. నా జీవితంలో అంత తియ్యటి ప్రయాణం ఇంకోటి లేదు.

అప్పటి నుంచి అది రివాజు అయింది. ఏ టోర్నమెంటు వచ్చినా, అది నడిచే రోజుల్లో ఒక ఆదివారం వెళ్ళి, ఒక్కసారి గీసి రావాలి. రెండోసారి గీయకూడదు. ఆయన పక్కన ఇంటివాళ్ళుంటే గీయకూడదు. ఒంట్లో బాగాలేనట్టు కనిపిస్తే గీయకూడదు. ఈ నియమాలన్నీ అన్నవే, నావి కావు. నాకు వదిలేస్తే ఆయన ఇంటి గోడ మీదే పెయింటుతో గీసేవాడిని. ఒకసారి సారు గంజ్‌కు రావడం మానేసి రైతుబజారుకు మారాడు. మేమూ మారాం.

సారు బిడ్డను మా బోధన్ వాళ్ళకే ఇచ్చారు. మగపెళ్ళివాళ్ళు అన్నకు తెలిసినవాళ్ళు కాబట్టి మాకు కార్డు వచ్చింది. టోర్నమెంటు కూడా అప్పుడే నడుస్తోంది. స్టేజి మీద సారు కొత్త పంచెతో నిలబడి ఉన్నాడు, కింద మూడు వందల మంది ఉన్నారు. ఇంతకంటే మంచి మోకా దొరకదని నేను అన్నను మోచేత్తో పొడిచాను. అన్న పప్పు కలుపుకుంటూ తల ఎత్తలేదు.

“ఇయ్యాల ఆయన పిల్ల తండ్రి. అంపైరు కాదు. బువ్వ తిను.”

తిని, అక్షింతలు వేసి వచ్చాడు. తరువాతి ఆదివారం మాత్రం బస్సెక్కాడు.

ఒకసారి సారు కబురు పంపాడు. చందూర్‌లో పనిచేసే టీచరొకాయన అన్న దుకాణానికి వచ్చి, అది గోలే కావచ్చునేమోనని సారు అంటున్నాడు, ఇక ఇద్దరూ వదిలేయండి అన్నాడు. అన్న స్పానర్ కింద పెట్టి ఆ టీచరుకు స్టూలు వేశాడు.

“కావచ్చునేమో అని ఈల ఊదలే గద సారూ. ఊదినాయనే వచ్చి, గోల్ అని చెప్పాలె. నువ్వు చాయ్ తాగి పో.”

ఆయనకు కావలసింది అంతే. ఒక మనిషి, ఒక మాట. ఆ మాట వినకుండానే శుక్రవారం పోయాడు. టోర్నమెంటు అప్పటికి రెండు రోజులు నడిచింది. ఆదివారం బయల్దేరాలని గురువారమే అనుకున్నాం.

కర్మకాండ రోజుల్లో నేను ఒకటే ఆలోచించాను. అన్న బదులు నేనే వెళ్ళి గీద్దామని. కాని నాకు అన్న చేతులు లేవు. నేను గీస్తే అది తగాదా అవుతుంది. ఈలోపు పదకొండో రోజు వచ్చింది. ఆ సాయంత్రమే టోర్నమెంటు ఫైనల్. మధ్యాహ్నం భోజనాల బంతులు సాగుతుండగా గల్లీ మొదట్లో ఆటో ఆగింది. సారు దిగాడు. బాగా వంగిపోయాడు. నన్ను గుర్తుపట్టి నా దగ్గరికే వచ్చాడు.

“ఈసారి మీ అన్న రాలే తమ్మీ. రెండు ఆదివారాలు రైతుబజార్ల నిలబడ్డ. నిన్న బస్టాండ్ల ఒకలు చెప్పిన్రు.”

నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇన్నేళ్ళు ఆటో ఎక్కడానికి ఏమడ్డం వచ్చిందని మాత్రం అనుకున్నాను. ఆయన లోపలికి వెళ్ళి వదినకు చేతులు జోడించాడు. ఆనాటి తప్పు తనదే అన్నాడు. వదిన ఇన్నేళ్ళూ బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి. చాటలో ఆకు కత్తిరించినంత నిమ్మళంగా జవాబిచ్చింది.

“ఆయనకు చెప్పాల్సింది సారూ. నాకు హాకీ తెల్వది. బువ్వ తిని పొండ్రి.”

ఆయన తిన్నాడో లేదో నేను చూడలేదు. మా పాత జట్టువాళ్ళు ఇద్దరు అక్కడే ఉన్నారు. నవీపేట్ నుంచి వచ్చిన గోల్‌కీపరు, మధ్య వరసలో ఆడిన ఇంకొకాయన. ముగ్గురం మాట్లాడుకుని, సారును నా బండి మీద ఎక్కించుకుని ఫ్యాక్టరీ మైదానానికి తీసుకెళ్ళాం. ఇప్పుడక్కడ గోల్ స్తంభాలు లేవు. తుమ్మచెట్లు మొలిచాయి, మేకలు మేస్తున్నాయి. అయినా ఏది ఎక్కడో మాకు తెలుసు. అన్న కొట్టిన చోట ఆయన్ను నిలబెట్టి, ఇక్కడ చెప్పండి అన్నాను.

“నేను సూడలే” అన్నాడు.

మాకు అర్థం కాలేదు. అప్పుడు విడమరిచి చెప్పాడు. సరిగ్గా ఆ క్షణంలో పెద్ద ఆఫీసరు జీపు గేటులోకి వచ్చిందట. హారన్ కొడితే తల తిప్పాడట. మళ్ళీ ఇటు చూసేసరికి బంతి పలక దగ్గరుంది. లోపలి నుంచి కొట్టాడో బయటి నుంచి కొట్టాడో ఆయనకు తెలియదు. ఈల నోట్లోనే ఉంది, అందరూ తన వైపే చూస్తున్నారు. ఊదేశాడు.

గోల్‌కీపరు, మరి మైదానం ఆ సగంలో ఉన్న రెండో అంపైరునైనా అడగవలసింది కదా అన్నాడు.

“అడిగితే నేను సూడలేదని తెలుస్తది గద. పిల్లలకు ఆట నేర్పే సారును. సూడలేదని ఏ నోటితోని చెప్పాలె?”

ఇన్నేళ్ళూ మేం ఆయన అబద్ధమాడాడని అనుకున్నాం. నాకు అప్పుడు వచ్చిన కోపం అంతకుముందెప్పుడూ రాలేదు. అబద్ధమే ఆడి ఉంటే కనీసం అన్న కొట్టిన దెబ్బ చూసినట్టయినా అయ్యేది. ఈయన చూడనే లేదు. అన్న ఏ మాట కోసం బస్సులెక్కి తిరిగాడో, ఆ మాట ఈయన దగ్గర ఎప్పుడూ లేనే లేదు.

సారు నా చెయ్యి పట్టుకున్నాడు. “గోలే తమ్మీ. ఇప్పుడు చెప్తున్న, గోలే.”

చెయ్యి విడిపించుకున్నాను. “మీరు సూడలే గద సారూ. మీరెట్ల చెప్తరు?”

గోల్ ఉండే దిక్కు చూపించి, ఇప్పుడు చూడండి అన్నాను. ఎంతసేపు అని అడిగాడు.

అన్న అయితే ఆ ముసలాయన్ను నీడకు తీసుకెళ్ళి, మంచినీళ్ళు తాగించి, బస్సెక్కించేవాడు. నాకు తెలుసు. కాని నేను అన్నను కాదు. మేం బండ్లు తిప్పుకుని వచ్చేశాం. గేటు దగ్గర చెరుకు లారీ ఒకటి మాకు ఎదురై, దారి ఇమ్మని గట్టిగా హారన్ కొట్టింది. మేకలన్నీ బెదిరి తలలెత్తాయి. నేను వెనక్కి చూశాను. ఎండలో ఆయన తల తిప్పకుండా, స్తంభాలు లేని ఆ గోల్ వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.