సుభద్ర ఒప్పుకుందని చెప్పాను

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. బరువు అనగానే నన్ను కుంగదీసి మంచాన పడేసిందనుకోకండి. నా అబద్ధం వల్ల ఎవరి కొంపా మునగలేదు. పైగా ఒక పెళ్లి జరిగింది. ఆ పెళ్లిలో నేను కడుపునిండా తిన్నాను, నవ్వాను, ఫొటోల్లో అందరికంటే ముందు నిలబడ్డాను. అయినా ఆ ఫొటో చూసినప్పుడల్లా లోపల ఏదో కలుక్కుమంటుంది. సంతోషం కూడా గొంతుకు అడ్డం పడుతుందా? పడుతుంది. నాకు బాగా తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది జగిత్యాల వైపు. మావారి ఉద్యోగం వల్ల సూరత్ వచ్చాం. ఇచ్ఛాపూర్ దగ్గర క్వార్టర్స్‌లో ఉంటాం. ఆయన డ్యూటీకి, పాప బడికి వెళ్లాక తెలుగు మాట వినాలంటే నాకు ఫోనే దిక్కు. ఆ ఫోన్లోనే నా స్నేహితులు దొరికారు. ఈ మధ్య ఏం చదివామో ఒకరికొకరు చెప్పుకునే చిన్న వాట్సాప్ గ్రూపు అది. ఆదివారం సాయంత్రం ఒక్కొక్కరూ మాట రికార్డు చేసి పంపాలి. మొహాలు తెలియవు, గొంతులే పరిచయం. హన్మకొండలో ఒక రిటైర్డ్ పోస్టుమాస్టారు ఉండేవారు. వారపత్రికలో వంకాయ కూర గురించి చదివినా మహాగ్రంథం చదివినంత గంభీరంగా చెప్పేవారు. భివండీలో ఒక నర్సు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పేది, మధ్యమధ్య ఎవరో పిలిస్తే "వస్తున్నా" అని వాళ్లకో కేక, మాకో పేజీ. ఆదివారం కోసం నేను సోమవారం నుంచే ఎదురుచూసేదాన్ని.

వాళ్లలో భూలక్ష్మక్క ఎక్కువ మాట్లాడేది కాదు. ఒకసారి ఆమె పంపిన మాట వెనక నుంచి కూరగాయల బండివాడు గుజరాతీలో అరవడం వినబడింది. ఎక్కడుంటావక్కా అని అడిగాను. గోడాదరా అంది. ఇన్నాళ్లూ ఏ ఊళ్లోనో ఉందనుకున్న మనిషి నేనున్న ఊళ్లోనే, ఆ చివర. ఇద్దరం ఫోన్లో తెగ నవ్వుకున్నాం. ఆమెది కోరుట్ల దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలో మగ్గాల పనికి వచ్చిన భర్తతో సూరత్ చేరింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇంట్లో మిషన్ పెట్టుకుని చీరలకు లేసు కుడుతూ కొడుకును పెంచింది. చేతులు చీర మీద ఉంటాయి కాబట్టి పుస్తకం పట్టుకోవడం కుదరదని, చెవులు మాత్రం మా మీదే ఉంటాయని చెప్పేది.

ఆ రోజుల్లో నేను ఒక పాత నవల చదువుతున్నాను. దాని పేరు, రాసినావిడ పేరు ఇక్కడ చెప్పను. ఎందుకో మీకే తెలుస్తుంది. ఆవిడ ఎప్పుడో పోయారు. పుస్తకం ఇప్పుడు ఎక్కడా దొరకదు. అందుకని గ్రూపులో వారానికి కొంచెం చొప్పున నేనే కథ చెబుతూ వచ్చాను. అందులో సుభద్ర అని ఒకావిడ. యాభై దాటిన వితంతువు, అప్పడాలు చేసి అమ్ముకుంటుంది. వీధి చివర గడియారాలు బాగుచేసే రామనాథం ఒకనాడు ఆమెను అడుగుతాడు, ఇక మీదట ఇద్దరం ఒకే ఇంట్లో అన్నం తిందామా అని. సుభద్ర ఏమంటుంది? మా గ్రూపులో పెద్ద గొడవ. పోస్టుమాస్టారు ఒప్పుకోవాలన్నారు. మళ్లీ ఇంకొకరికి వండిపెట్టడానికా అని నర్సు కోప్పడింది. అంతమంది ఒక కాగితం మనిషి గురించి పోట్లాడుకుంటుంటే నాకు ఎంత ఆనందం! కథ నా చేతిలో ఉంది కదా మరి.

నేను ముందే చివరిదాకా చదివేశాను. సుభద్ర ఒప్పుకోలేదు. నాకు కోపం వచ్చి పుస్తకాన్ని మంచం మీద విసిరేశాను కూడా.

ఆ చివరి భాగం చెప్పాల్సిన ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం భూలక్ష్మక్క ఫోన్ చేసింది. వెనక మిషన్ చప్పుడు.

"చెల్లె, జర ఒక మాట అడుగుత. ఏమనుకోకు. గా సుభద్ర ఒప్పుకున్నదా, లేదా?"

రేపు చెబుతాను కదా అన్నాను.

"రేపటిదాంక ఆగలేను. నువ్వు మొత్తం సదివినవ్ గదా."

ఎందుకక్కా అంత తొందర అని నవ్వాను. మిషన్ ఆగిపోయింది.

"నన్ను గూడ ఒకాయన అడిగిండు."

మెల్లగా చెప్పింది. మల్లేశం అని, పర్వత్ పాటియా దగ్గర మగ్గాల కార్ఖానాలో మాస్టర్. ఒకప్పుడు ఆమె భర్త ఆయన చేతికిందే పనిచేశాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. మొన్న ఇంటి ముందు నిలబడి, సూటిగా అడిగేసి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడట. కొడుకు సంతోష్‌కు ఇంకా తెలియదు.

"మావోళ్లను అడిగితె నవ్వుతరు. దేవుణ్ని అడిగితె సప్పుడు జెయ్యడు. గామెనన్న అడుగుదమని నీకు ఫోన్ జేసిన."

పుస్తకం నా ఒళ్లోనే ఉంది. చివరి పేజీ తెరిచే ఉంది.

"ఒప్పుకున్నదక్కా," అన్నాను.

"నిజంగనా?"

"నిజంగనే."

"మంచిగ జేసింది" అంది. మిషన్ మళ్లీ మొదలైంది.

ఆ క్షణాన నాకు జాలి కలిగిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది నిజమే. కానీ మరునాడు? ఆదివారం నేను కూర్చుని ఒక ముగింపు కల్పించాను. సుభద్ర పట్టపగలు తన కంచం చేత్తో పట్టుకుని, వీధి వీధంతా చూస్తుండగా నడుచుకుంటూ వెళ్లి, రామనాథం ఇంటి అరుగు మీద కూర్చుని "వడ్డించండి" అందని చెప్పాను. ఒకసారి రికార్డు చేసి, గొంతు సరిగ్గా పలకలేదని చెరిపేసి మళ్లీ చేశాను. అది జాలా? కాదు. నా తెలివికి నేనే మురిసిపోతూ చేసిన పని. గ్రూపంతా ఊగిపోయింది. పోస్టుమాస్టారు కళ్లు తుడుచుకున్నానన్నారు. ఆ రచయిత్రికి ఎంత ధైర్యం అని నర్సు పొగిడింది. ఆవిడ రాయని మాటకు ఆవిడను పొగుడుతుంటే నేను నవ్వు బొమ్మలు పంపిస్తూ కూర్చున్నాను.

కొన్ని నెలలకు భూలక్ష్మక్క అందరినీ పెళ్లికి పిలిచింది. సంగతి తెలిసినప్పుడు సంతోష్ కొన్నాళ్లు తల్లితో మాట్లాడలేదట, బయటే తిని వచ్చేవాడట. ఒకరోజు తనే మల్లేశం దగ్గరికి వెళ్లి, మా అమ్మకు పొద్దున చాయ్ ఎవరైనా పెట్టిస్తే ఇష్టం, మీరు పెట్టగలరా అని అడిగాడట. పెడతానన్నాడు మల్లేశం. అంతే, ఆ పిల్లాడే వంటవాళ్లను మాట్లాడాడు.

పోస్టుమాస్టారు, నర్సు రైలెక్కి సూరత్ వచ్చారు. స్టేషన్లో ఒకరినొకరం మొహం చూసి గుర్తుపట్టలేకపోయాం. "అమ్మా, ఇటు" అని ఆయన నోరు తెరవగానే ఇద్దరం అటు పరుగెత్తాం. అంత గంభీరమైన గొంతు అంత బక్కపలచని మనిషిది! పొద్దున సంతోష్ తెచ్చిన వేడివేడి లోచో, ఇక్కడి శనగపిండి టిఫిన్, తింటూ, పుస్తకాల గురించి పోట్లాడుకుంటూ, పెళ్లి సంగతే మరిచిపోయాం. గుళ్లో దండలు మార్చుకున్నారు. భోజనాలు అక్క ఉండే గల్లీ చివరే, మల్లేశం ఇంటి ముందు. బగారా అన్నం, పప్పు, ఇంటి యజమానురాలు గుజరాతీ మాసీ తెచ్చిన ఘారీ మిఠాయిలు.

అందరూ కూర్చున్నాక భూలక్ష్మక్క కనబడలేదు. చూస్తే, తన గదిలోంచి వస్తోంది. పట్టుచీర, మెడలో దండ, చేతిలో స్టీలు కంచం. గల్లీ మధ్యలో, నవ్వుకుంటూ, తల ఎత్తుకుని నడిచి వచ్చి మల్లేశం గుమ్మం ముందు కూర్చుని "వడ్డియ్యుండ్రి" అంది.

గల్లీవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. మా గ్రూపువాళ్లం మాత్రం చప్పట్లు కొట్టాం. నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ ఆగలేదు. నేను ఊహించి చెప్పిన వాక్యం దండ వేసుకుని నా ముందే నడిచి వచ్చింది. అంత ఆనందం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. అంత భయం కూడా.

భోజనాలయ్యాక అక్క నా చెయ్యి పట్టుకుని ఆ పుస్తకం ఇమ్మంది. చివరి పేజీ తన కళ్లతో చదువుకోవాలట. ఎవరో తీసుకుని బదిలీ మీద వడోదర వెళ్లిపోయారని చెప్పాను. తడుముకోకుండా చెప్పాను. పుస్తకం మా ఇంట్లో దుప్పట్ల పెట్టెలో ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

తప్పు ఏమిటి? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అక్క సుఖంగా ఉంది. మల్లేశం పొద్దున చాయ్ పెడతాడు, గ్రూపులో కూడా చేరాడు, సినిమా కబుర్లు కూడబలుక్కుని చదివి వినిపిస్తాడు. మరి నాకెందుకు ఈ ముల్లు? ఎందుకంటే అక్క ఆ రోజు అడిగింది నన్ను కాదు. సుభద్రను అడిగింది. జవాబు చెప్పింది నేను. ఒప్పుకో అక్కా, ఇది నా మాట అని చెప్పి ఉండొచ్చు కదా? నా మాట మీద నాకే నమ్మకం లేక, చనిపోయిన ఒకావిడ నోట్లో దాన్ని పెట్టాను. ఆవిడ సుభద్ర చేత ఎందుకు కాదనిపించిందో, ఎంత ఆలోచించి రాసిందో, ఎవరికీ తెలియకుండా చేశాను.

మొన్న బతుకమ్మకు గోడాదరా వెళితే ఒకమ్మాయి నాకే ఆ కథ చెప్పింది. భూలక్ష్మత్త చెప్పిందట. అందులో సుభద్ర కంచంతో పాటు ఆవకాయ జాడీ కూడా తీసుకెళ్లింది. జాడీ నేను పెట్టింది కాదు. నేను పగలబడి నవ్వాను, ఆ పిల్ల కూడా నవ్వింది. కథ నా చేతుల్లోంచి కూడా జారిపోయిందని అప్పుడు తెలిసింది.

పోయిన వారం, కొత్తగా చేరినవాళ్ల కోసం ఆ నవల మళ్లీ చెప్పమని నర్సు అడిగింది. గొంతు బాగోలేదన్నాను. ఈ పొద్దున ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచి, చివరి పేజీ పైకి చదివాను. సుభద్ర కాదంటుంది. తలుపు దగ్గరగా వేసుకుంటుంది. ఇన్నేళ్లకు ఒక అన్నం ముద్ద తనకు నచ్చినంత కారంగా కలుపుకుంటుంది. ఆమె భయపడి కాదందని అప్పట్లో నాకు కోపం వచ్చింది. కాదు, ఆమె భయపడలేదు. నేను సరిగ్గా చదవలేదు. అంత మంచి పేజీని నా స్నేహితులకు దక్కకుండా చేశాను.

అక్కకు చెబుతానా? తెలియదు. చెబితే నవ్వుతుందేమో, లేదా ఇక ఆ కంచం వంక పాత కళ్లతో చూడలేకపోతుందేమో. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. కానీ ఎవరికో ఒకరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించింది. సుభద్ర ఒప్పుకోలేదు. ఒప్పుకుందని చెప్పింది నేను.

ఇంత చిన్న మాట. రాసేసరికి మధ్యాహ్నం దాటింది. బాగా ఆకలేస్తోంది.