పదిహేను నిమిషాల సన్మానం

నా పరువు పోవడం ఒక సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మొదలై, గురువారం పదకొండుంపావుకు పూర్తయింది. మధ్యలో మూడు రోజుల ముప్పై అయిదు నిమిషాలున్నాయి. అందులో ఎక్కడ ఆగినా బతికిపోయేదాన్ని. నేను ఆగే రకం కాదు.

అప్పుడు నాకు యాభై ఎనిమిదేళ్ళు. బెంగళూరులోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీకి, కరోనా వచ్చినప్పటినుంచి, బుక్కరాయసముద్రంలో మా ఇంటి నుంచే పనిచేసేదాన్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. నేను సరే అంటేగాని ఒక్క ముక్క బయటికి వెళ్ళేది కాదు. కుర్ర ఇంజనీర్లు నా ఈమెయిలు తెరిచే ముందు ఒక గుక్క నీళ్ళు తాగేవారని విన్నాను. అది నాకు పద్మశ్రీలా ఉండేది.

ఆ సోమవారం కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. గురువారం పదకొండుకు వీడియో సమావేశం, పదిహేను నిమిషాలు, కెమెరా ఆన్‌లో ఉంచండి, విషయం ఎవరికీ చెప్పకండి. నేను వెంటనే డైరీ తీసి లెక్క వేశాను. గురువారంతో నా ఉద్యోగానికి పాతికేళ్ళు నిండుతాయి. ఆరు లీపు సంవత్సరాలు కలిపి తొమ్మిది వేల నూట ముప్పై ఒక్క రోజులు. ఇరవై ఏళ్ళు నిండినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే పదిహేను నిమిషాలకు పిలిచి, మెచ్చుకుని, నా పేరు చెక్కిన గాజు పలక పంపారు. ఇక అనుమానమేముంది? ఎవరికీ చెప్పవద్దన్నది నన్ను ఆశ్చర్యపరచడానికే అనుకుని, పద్నాలుగు మందికి చెప్పాను.

ఆ నెలలోనే మా విభాగంలో నా వయసువాళ్ళు ఏడుగురు ఒకరి తరువాత ఒకరు కనబడకుండా పోయారు. అందరూ పోగుబడిన సెలవులు వాడుకుంటున్నారని నేనే తేల్చేశాను. తప్పులు పట్టడంలో నా నైపుణ్యం చూశారుగా.

పద్నాలుగు మందిలో అసలు మనిషి మా వదిన సరస్వతమ్మ. ధర్మవరంలో అన్నా వదినా మగ్గం నేస్తారు. "ఇంట్లో నైటీ ఏసుకోని పెట్టె ముందర కూచుంటే అదీ ఒక ఉద్యోగమేనా రుక్మిణీ?" అని నాలుగేళ్ళుగా కనబడినప్పుడల్లా అడిగేది. దానికి జవాబు ఆమె కళ్ళతోనే చూపించాలని నా పంతం. అందుకే ఇంట్లో ఉన్న అయిదింటికి తోడు షామియానా దుకాణం నుంచి తొమ్మిది కుర్చీలు అద్దెకు తెప్పించాను. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. వదిన పట్టు శాలువా మీద జరీతో పాతిక అంకె కుట్టించుకుని తెచ్చింది. ఆమె శాలువా దాకా వస్తుందని నేను అనుకోలేదు. నిజం చెప్పాలంటే, అక్కడే నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

పదకొండు కొట్టగానే తెర మీద ఒక అమ్మాయి కనిపించింది. మా మేనేజరు కెమెరా ఆపేసుకున్నాడు. పాపం సిగ్గరి అనుకున్నాను. అమ్మాయి ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. కంపెనీని కొత్తగా సర్దుతున్నారట, అందులో నా స్థానం తీసేశారట. నా చెవులు విన్నాయి కాని నా ముఖం అప్పటికే నవ్వుకు సిద్ధమై ఉంది, దాన్ని వెనక్కి తీయడం చేతకాలేదు.

"ఏమంటాంది రుక్మిణీ?" అంది వదిన.

వెనక పద్నాలుగు జతల కళ్ళు. "నా స్థానం గురించి చెప్తాంది వదినా. ఇంక అది ఎవురికీ ఇయ్యరంట."

కుర్చీలన్నీ చప్పట్లు కొట్టాయి. అమ్మాయి తడబడి, మళ్ళీ కాగితం చూసి, ఈరోజే నా చివరి పనిదినమని చదివింది.

"ఇప్పుడేమంది?"

"ఈ పొద్దు నుంచే విశ్రాంతి తీసుకోమంటాంది."

"ఎంత మర్యాదప్పా," అంది పక్కింటి ఆదిలక్ష్మి. ఈసారి చప్పట్లు వీధి మలుపు దాకా వినిపించాయి. అదే అదను అనుకుని వదిన లేచి, కెమెరా ముందుకు వచ్చి, శాలువా నా భుజాల మీద కప్పింది. అమ్మాయి మాట మరిచిపోయి నోరు తెరిచింది. జనం, శాలువా, చప్పట్లు చూసి అలవాటు కొద్దీ ఏమందో తెలుసా? కంగ్రాచులేషన్స్ అంది. ఆ ఒక్క ముక్కా పద్నాలుగు మందికీ అర్థమైంది. నేను చెప్పిన అబద్ధాలన్నిటికీ ముద్ర పడింది.

వెంటనే తెర నల్లబడింది. నా లాప్‌టాప్‌ను కంపెనీవాళ్ళు అక్కడినుంచే ఆపేశారు. "కరెంటు పోయిందా?" అని ఎవరో అడిగారు. తల మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. "వాళ్ళ తట్టు పోయినట్టుండాది," అన్నాను.

నేను చేసిపెట్టిన తీపి ఒళిగలు తిని, నాకు ఆయురారోగ్యాలు కోరి అందరూ వెళ్ళారు. నేను వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే వదిన వచ్చి గడప దగ్గర నిలబడింది.

"తీసేసినారు గదా?"

నేను తిరగలేదు. "నీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చింది?"

"ఇంగ్లీషు ఎందుకు? ఆ పిల్ల కాగితం చూసి సదివింది. పొగిడేదానికి కాగితమెందుకు? మీ అన్నను నూలు మిల్లులో తీసేసినప్పుడు కూడా ఒక అయ్య ఇట్లే సదివినాడు. తల ఎత్తలేదు."

"మరి శాలువా ఎందుకు కప్పితివి?"

"అంతమందిలో నువ్వు ఏడ్చేటట్టుంటివి. మొగం కప్పుకుండేకి ఏదో ఒకటి ఉంటాదని."

అప్పుడు ఏడ్చాను. ఆరు నిమిషాలు. వదిన గోడ గడియారం చూస్తూ నిలబడింది, తరువాత అంది: "మాకు పడుగు పోగులు ఎంచే మనిషి లేదు. ఒక్క పోగు తప్పినా చీర పాడయితాది. నువ్వయితే సరిపోతావు. సోమవారం రా. నైటీ మాత్రం ఏసుకోవద్దు."

ఆ గురువారం సాయంత్రమే, తలంటి పోసుకుని తూర్పు తిరిగి గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక మీదట ఏ కంపెనీ వాళ్ళు పదిహేను నిమిషాలు మాట్లాడదాం రమ్మన్నా, కుర్చీలు అద్దెకు తేను.

పోయినవి: ఉద్యోగం ఒకటి. లాప్‌టాప్ ఒకటి. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు ఒకటి. రుక్మిణమ్మ అబద్ధం చెప్పదన్న పేరు, వదిన దగ్గర మాత్రం.