చీటీలో వచ్చిన చెల్లెలు

2023 అక్టోబరు నాటికి నేను ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో, ఊపిరితిత్తుల వార్డులో సిస్టర్‌ని. సిస్టర్ అంటే ఇక్కడ షిఫ్టు బాధ్యత మొత్తం మోసే సీనియర్ నర్సు. ఎవరికి ఏ డ్యూటీయో రోటా వేయడం దగ్గర్నుంచి డాక్టర్లతో వాదులాడటం దాకా అన్నీ మా నెత్తినే. ఈ దేశం వచ్చి అప్పటికి ఇరవయ్యేళ్లు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోవడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. వార్డులో మాత్రం అది మంచి గుణంగా చెలామణీ అయిపోయింది. నేను చెప్పబోయే కేసు వార్డులో జరిగింది కాదు. మా ఇంట్లో సోఫా మీద జరిగింది.

ముందు మా కాలేజీ గురించి చెప్పాలి. వరంగల్‌లో ఆడపిల్లల నర్సింగ్ కాలేజీ, దానికి ఆనుకుని హాస్టలు. కొత్తగా చేరిన పిల్ల చేత మొదటి సాయంత్రమే ఒక స్టీలు డబ్బాలోంచి చీటీ తీయించేవారు. చీటీలో ఏ సీనియర్ పేరుంటే ఆమె మన అక్క. ఆ వరస చదువుతో పోదు, బతికినంత కాలం ఉంటుంది. నియమాలు రెండే. అక్క చెల్లెల్ని వదలకూడదు. చెల్లెలు అక్క మాటకు ఎదురు చెప్పకూడదు.

బ్రిటన్ వచ్చినా మేం ఆ వరస వదల్లేదు. మా అందరిలోకీ పెద్దది, వెంబ్లీలో ఉండే పద్మక్క, వీడియో కాల్ పెట్టి తన వంటింట్లో డబ్బా గలగలలాడించి, కొత్తగా వచ్చే అమ్మాయి కోసం చీటీ తీస్తుంది. ఎయిర్‌పోర్టుకు వెళ్లి తీసుకురావడం, చలికోటు కొనిపించడం, జీపీ అనే పేటడాక్టరు దగ్గర పేరు రాయించడం, పరీక్షకు తయారు చేయడం అన్నీ అక్క పనులు. నాకు అప్పటికి ఆరుగురు చెల్లెళ్లు. ఆరుగురూ పాసై ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. కాలేజీ పూర్వ విద్యార్థినుల్లో నా అంత సేవ చేసినవాళ్లు లేరని పద్మక్క నలుగురిలో అంటే, వద్దు వద్దంటూనే లోపల పొంగిపోయేదాన్ని.

ఏడో చీటీ అనూషది. హైదరాబాదులో తొమ్మిదేళ్లు ఐసీయూలో చేసిన మనిషి. మా ఆసుపత్రిలోనే వేరే వార్డులో, రిజిస్ట్రేషన్ రాని నర్సులు వేసుకునే యూనిఫాంలో పక్కలు సర్దుతూ, టీలు అందిస్తూ ఉండేది. ఓస్కీ పాసైతేనే ఇక్కడ నర్సు. ఓస్కీ అంటే ప్రాక్టికల్ పరీక్ష. గది తర్వాత గది దాటుకుంటూ, రోగిగా నటించే మనిషికో బొమ్మకో పని చేసి చూపించాలి. పక్కన పరీక్షకులు ఒక్కో మెట్టుకూ టిక్ పెట్టుకుంటూ ఉంటారు. మూడుసార్లే అవకాశం. అనూష మొదటిసారి కంగారులో చేతులు శుభ్రం చేసుకోవడం మరిచి పోగొట్టుకుంది. ఇంకా రెండే మిగిలాయి. మూడోదీ పోతే ఉద్యోగం పోతుంది, దానితోపాటు వీసా పోతుంది. హనుమకొండలో ఆమె భర్త, ఆరేళ్ల కూతురు ఇక్కడికి రావడానికి కబురు కోసం చూస్తున్నారు.

ఆదివారాలు మా ఇంట్లో తర్ఫీదు. రోగి వేషం మా ఆయన శేఖర్‌ది. సోఫా మీద దుప్పటి కప్పుకుని పడుకుని, అడిగినప్పుడల్లా కొత్త పేరూ కొత్త పుట్టినరోజూ చెబుతూ తెగ సంబరపడేవాడు. నా చేతిలో నీలం ఫైలు ఉండేది. ఏళ్ల తరబడి నేను రాసుకున్న చిట్కాలన్నీ అందులోనే. రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో చూసే ఊపిరి లెక్క దగ్గర నా చిట్కా ఇదీ: "ముప్పై సెకన్లు చూడు, రెట్టింపు చెయ్. టైం మిగులుతది. వార్డుల మేం అందరం గట్లనే చేస్తం." అనూష ఒక్క క్షణం ఆగి, "సరే అక్కా," అంది. ఆ ఒక్క క్షణం ఎందుకు ఆగిందో అడగాలని నాకు తోచలేదు. అప్పటికే తర్వాతి పేజీ తిప్పేశాను.

జనవరిలో రెండోసారి పరీక్ష రాసింది. పోయింది.

"ఎక్కడ పోయింది?" అన్నాను ఫోన్లో.

"ఊపిరి లెక్క కాడ అక్కా. లెక్క తప్పింది, దాంతోని స్కోరు తప్పింది."

స్కోరు అంటే ఊపిరి, నాడి, బీపీ లాంటి వాటికి అంకెలు వేసి, రోగి పరిస్థితి దిగజారుతోందా లేదా అని చెప్పే పట్టిక. ఒక్క అంకె తప్పితే మొత్తం తప్పుతుంది.

"తొమ్మిదేండ్లు ఐసీయూల చేసినవ్. ఊపిరి లెక్కపెట్టరాదా నీకు?"

"తప్పయిందక్కా," అంది.

ఆ వారమంతా నాకు కాలు నిలవలేదు. వార్డులో మందుల అల్మారా రెండుసార్లు సర్దాను. ఇంటికొచ్చి ఉతికిన బట్టలే మళ్లీ ఉతికాను. ఆరుగురిని గట్టెక్కించిన చేతిలో ఏడోది మునుగుతోందన్న బాధ కొంత. నా పేరు ఏమవుతుందన్న బెంగ ఇంకొంత. ఏది ఎక్కువో ఇప్పుడు చెప్పమంటే సిగ్గేస్తుంది.

మరుసటి ఆదివారం అనూష వెళ్లాక శేఖర్ దుప్పటి మడతపెడుతూ అన్నాడు. "ఒక్కటి చెప్తా, కోపానికి రావద్దు. నువ్వు చాయ్ పెట్టనీకె లోపలికి పోతివా, ఆ పిల్ల నిమిషం మొత్తం గడియారం చూస్తది. నువ్వొచ్చి నిలబడితివా, సగంల లేస్తది."

"నీకెట్ల తెల్సు?"

"ఊపిరి నాదే గదా! పండుకునుడు తప్ప నాకింకేం పనుంది? నువ్వేమో రాయని పరీక్షకు గైడువైతివి."

ఆ మాట సూటిగా తగిలింది. నేను వచ్చిన రోజుల్లో ఓస్కీ లేదు. కొన్ని నెలలు సీనియర్ల పర్యవేక్షణలో పనిచేస్తే రిజిస్ట్రేషన్ ఇచ్చేవారు. ఆ పరీక్ష గది ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. మరునాడే క్యాంటీన్‌లో అనూషను పట్టుకుని, ఫెయిలైనప్పుడు ఇచ్చే కాగితం చూపించమన్నాను. మొదట ఇంట్లో ఉందంది. తర్వాత ఫోన్ తీసి నా ముందు పెట్టింది. పూర్తి నిమిషం కొలవలేదు, రాసిన సంఖ్య తప్పు అని అందులో స్పష్టంగా ఉంది.

"నిమిషం మొత్తం చూడాలని నీకు ముందే తెల్సా?"

"పుస్తకంల ఉందక్కా."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె టీ కప్పును తిప్పుతూ కూర్చుంది. "మీరు నాకు చీటీల వచ్చిన్రు. ఇర్వయ్యేండ్ల సంది ఇక్కడ చేస్తున్నరు. పుస్తకం కంటె మీకే ఎక్కువ తెల్సనుకొని పరీక్షల గూడ గట్లనే చేసిన. మీకు నేనేం చెప్పాలె?"

"నీ నౌకరి పోతది అనూషా!"

"ఎదురు చెప్తే మీరు బాధపడ్తరు గదా."

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ముందు కోపమొచ్చింది, దాచను. ఆమె మీద కాదు, నా మీద కూడా కాదు. నన్ను అలా దొరకబుచ్చుకున్న ఆ కాగితం మీద.

ఆ సాయంత్రం పాత చెల్లెళ్లకు వరసగా ఫోన్ చేశాను. నా తప్పుడు చిట్కాతో ఎంతమందిని ముంచబోయానో తెలుసుకుందామని. స్విండన్‌లో ఉండే స్వప్న, నా రెండో చెల్లెలు, విషయం వినగానే పకపకా నవ్వింది.

"సునీతక్కా, మీరు చెప్పింది పరీక్షల ఎవరు చేసిన్రు? మీ ముందర తలూపుతుంటిమి. మా రూంకు పోయి పుస్తకం చూసి నేర్చుకుంటుంటిమి."

"అందరూనా?"

"అందరం. మీరు ప్రేమతోని చెప్తుంటే కాదనబుద్ధి కాలే. మాకు మీ బిర్యానీ చాలు."

మిగతా ఐదుగురూ అటూ ఇటూ అదే చెప్పారు. ఫోన్ పెట్టేసి చాలాసేపు హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగాను. ఆరుగురూ పాసైంది నా వల్ల కాదు, నన్ను తప్పించుకున్నందుకు. నా మాటను నిజంగా నమ్మి పాటించింది అనూష ఒక్కతే. దెబ్బ తగిలిందీ ఆమెకే.

పద్మక్కకు ఫోన్ చేసి, అనూషను వేరే అక్కకు ఇవ్వమన్నాను. "చీటీ మార్చుడు ఎన్నడన్న ఉన్నదా?" అని కసిరింది. "ఖరాబు చేసినదానివి నువ్వే. బాగు చెయ్యి."

బాగు చేయడానికి నాకు ఒక్క దారే కనిపించింది. తర్వాతి ఆదివారం నీలం ఫైలు రీసైక్లింగ్ డబ్బాలో పడేశాను. పుస్తకం అనూష చేతికిచ్చి, శేఖర్ పక్కన నేను నిలబడ్డాను. "ఈ రోజు నుంచి నేను చేస్త. తప్పు చేస్తే నువ్వు ఆపాలె," అన్నాను. మొదటి వారం కావాలని నాలుగు తప్పులు చేశాను. ఆమె పెదవి కదిలింది కానీ మాట రాలేదు. రెండో వారం "అక్కా..." అని ఆగిపోయింది. మూడో వారం ఊపిరి లెక్క సగంలో వదిలేసి పెన్ను తీశాను.

"ఆగండక్కా," అంది. "నిమిషం కాలే. మళ్ల మొదటి నుంచి చూడుండ్రి."

నా చెవులు వేడెక్కాయి. నేనే అడిగినా, నేనే కోరినా, ఆ మాట పడటం అంత తేలిక కాలేదు. గడియారం వైపు చూస్తూ కూర్చుని పూర్తి నిమిషం లెక్కపెట్టాను. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. పద్దెనిమిది. శేఖర్ దుప్పటి కింద నుంచి, "ఇంక లేవచ్చా?" అన్నాడు.

మార్చిలో మూడో పరీక్ష జరిగింది. ఫలితం ఈమెయిల్లో వస్తుంది. ఆ కొద్ది రోజులూ నేను ఏ పనీ కుదురుగా చేయలేదు. మెట్రోలో నా స్టేషన్ దాటిపోయాను. వార్డులో ఒక పెద్దాయన, "సిస్టర్, మీరు కాసేపు ఒక్కచోట నిలబడితే నాకు విశ్రాంతిగా ఉంటుంది," అని నవ్వాడు. శుక్రవారం బ్రేక్‌లో ఉండగా అనూష నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, పాసైన."

గోడకు చేరగిలబడ్డాను. కళ్లు తుడుచుకున్నాను. అవతల ఆమె కూడా ఏడుస్తోంది. కాసేపటికి ముక్కు ఎగబీల్చి, గొంతు సవరించుకుంది.

"అక్కా, ఇంకొకటి. మీరు చెప్పిన వాట్లల్ల ఇంకో రెండు తప్పులున్నయ్. ఎనిమిదో చెల్లెలు వచ్చేలోపల చెప్పాలనుకున్న. ఇప్పుడు చెప్పాల్నా?"

యూనిఫాం జేబులోంచి పెన్ను తీసి, "చెప్పు," అన్నాను. రెండూ రాసుకున్నాను. రెండూ నిజమే.

కాలేజీ నాకిచ్చినదాన్ని తర్వాతివాళ్లకు అందిస్తున్నానని ఇన్నేళ్లూ అనుకున్నాను. అందించే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటే కిందివాళ్లకు తలూపడం తప్ప దారి ఉండదని అనూష వల్ల తెలిసింది. ఇప్పుడు కొత్త అమ్మాయిని ఇంటికి తెచ్చి కోటు తొడిగాక, నేను చెప్పే మొదటి పాఠం ఒక్కటే: అక్క తప్పు చెబితే ఆపాలి. అది విని వాళ్లు కూడా, "సరే అక్కా," అని తలూపుతారు. అక్కడి నుంచే నా పని మొదలవుతుంది.