పచ్చి జెల్ల తలకాయలు

ఎనభైల్లో, గురజాల దగ్గర మా ఊళ్ళో, ఎండాకాలం సాగర్ కాలువకు నీళ్ళు కట్టేశారంటే గుంటల్లో మిగిలిన చేపల కోసం ఊరంతా కాలువలోకి దిగేది. ఆ రోజు నాన్న తువాలు నిండా జెల్లలు తెచ్చాడు. అమ్మ వాటిని కోస్తూ, "తలకాయలు ఉడకేసి, ముళ్ళు తీసి మన కుక్కకు వేస్తా," అంది.

"ఉడకేస్తే దాని పౌరుషం చచ్చుద్దే! పచ్చియ్యే వెయ్యాల," అన్నాడు నాన్న. పల్నాడులో మనుషులకున్న పౌరుషం చాలదన్నట్టు కుక్కలకు కూడా కావాలి మా నాన్నకు. తలకాయలన్నీ ఆయనే దాని ముందు కుమ్మరించాడు.

పొద్దు వాలేసరికి కుక్క నోరు మూయలేక నిలబడి ఉంది. చొంగ ధారగా కారుతోంది. నీళ్ళ తొట్టి దాకా వెళ్ళి, మూతి పెట్టబోయి, కుయ్యిమని వెనక్కి గెంతింది. పక్కింటి పెదనాన్న అది చూసి కేక పెట్టాడు.

"నీళ్ళకు బెదురుతోందిరోయ్! పిచ్చెక్కింది!"

అంతే, వీధిలో ఇంటికో కర్ర వచ్చింది. కిందటేడు పిచ్చికుక్క కరిచి మా వీధిలోనే ఒకాయన, నీళ్ళ చెంబు చూసి కేకలు పెడుతూ ప్రాణం విడిచాడు. ఆ భయం నాకూ ఉంది. అయినా ఆ కర్రల్ని చూస్తే ఒళ్ళు మండిపోయింది.

అమ్మ కుక్కకు అడ్డంగా కూర్చుంది.

"బెదిరేదైతే మళ్ళీ మళ్ళీ తొట్టి కాడికి ఎందుకు పోద్ది బావగారూ? దానికి ముల్లు దిగింది. ఏమయ్యో, అప్పడాల కర్ర పట్రా."

నాన్న పరుగున తెచ్చి, దవడల మధ్య అడ్డంగా పెట్టి పట్టుకున్నాడు. అమ్మ కుక్క నోట్లో చెయ్యి పెట్టింది.

"నిజంగా పిచ్చిదైతే నీ గతేందమ్మాయ్!" అని పెదనాన్న అరుస్తూనే ఉన్నాడు. ఇంతలో కర్ర జారింది. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుని, రంపపు పళ్ళున్న ముల్లును నేల మీద పడేసి, ఆ చేతిని చెంగులో చుట్టేసుకుంది.

ముల్లు కనబడినా కర్రలు దిగలేదు.

"నీళ్ళు తాగితేనే నమ్ముతా," అన్నాడు పెదనాన్న.

కుక్క తొట్టి దగ్గరికి నడిచింది. వాసన చూసి ఆగింది. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుక్కంటే ఇంత ప్రేమా అనుకున్నాను.

కుక్క తాగింది. తొట్టిలో తల దూర్చి, చప్పుడు చేస్తూ ఆగకుండా తాగింది. అందరూ ఎవరి కర్ర వాళ్ళు పట్టుకుని ఇళ్ళకు పోయారు.

అప్పుడు అమ్మ గోడకు జారగిలబడి చెంగు విప్పింది. బొటనవేలి కింద పళ్ళ గాట్లు, నెత్తురు.

నాన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. "కరిచిందని అప్పుడే చెప్పొద్దా?"

"చెబితే దాన్ని అక్కడికక్కడే చంపేసేవాళ్ళు. ఇక అది నీళ్ళు తాగుద్దో లేదో, నేను బతుకుతానో లేదో, నాకెట్టా తెలిసేది?" అంది అమ్మ.